జీతం లేని పోలీసు

"పోలీసు స్టేషను మెట్లెక్కకుండా బతికాడయ్యా" అన్నది మన వైపు ఒక మనిషికి ఇచ్చే పెద్ద యోగ్యతాపత్రం. ఫలానా వాళ్ళ ఇంటికి పోలీసులొచ్చారట అంటే చాలు, ఎందుకొచ్చారో ఎవరూ అడగరు, పిల్లనివ్వడానికి మాత్రం వెనకాడతారు. దేశం మారినా ఈ భయం మన ఆవకాయ జాడీతో పాటే విమానమెక్కి వస్తుంది. దోహాలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న నా స్నేహితులు కొందరున్నారు. లైసెన్సు, ఐడీ, ఇన్స్యూరెన్సు అన్నీ సక్రమంగానే ఉంటాయి. అయినా వెనకాల పోలీసు కారు కనబడితే రేడియో తగ్గించి, సీటులో నిటారుగా కూర్చుంటారు. నేనూ కూర్చుంటాను, అబద్ధమెందుకు?

అలాంటి మనలోంచి ఒక కుర్రాడు పోలీసు ఉద్యోగంలో చేరతానంటే సరే, బతుకుతెరువు అనుకుంటాం. వారమంతా కంప్యూటరు ముందు పనిచేసుకుని, శని ఆదివారాలు పైసా జీతం లేకుండా పోలీసుగా తిరుగుతానంటే ఏమనుకోవాలి?

మా అన్నయ్య కొడుకు సరిగ్గా ఆ మాటే అన్నాడు. వాడు ఇంగ్లాండులో లెస్టర్లో ఉంటాడు. అక్కడే పై చదువు, అక్కడే ఉద్యోగం, శాశ్వత నివాసపు హక్కు కూడా వచ్చింది. కిందటేడు దసరాకి ఫోను చేసి, "బాబాయ్, స్పెషల్ కానిస్టేబుల్‌గా అప్లై చేశాను" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వదిన ఫోను. "అంత డబ్బు పోసి చదివించింది వీధుల్లో లాఠీ పట్టుకుని తిరగడానికా? అక్కడ పిల్లలు కత్తులు పట్టుకు తిరుగుతున్నారట. నువ్వు చెబితే వింటాడు, కాస్త గట్టిగా చెప్పవయ్యా" అంది. వద్దని చెప్పడానికైనా అదేమిటో తెలియాలి కదా! అందుకని చదవడం మొదలుపెట్టాను. చదువుతున్నకొద్దీ 2022లో మా ఇంటి పక్క ఫుట్‌బాల్ స్టేడియంలో నేను చేసిన మూడు వారాల వాలంటీరు పని గుర్తుకు వస్తూ వచ్చింది. రెండింటికీ దగ్గర చుట్టరికమే ఉంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఈ స్పెషల్ కానిస్టేబుల్ ఎవరో చూద్దాం. షాపింగ్ మాల్ దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డు కాదు. మామూలు పోలీసు వేసుకునే యూనిఫారమే వేసుకుంటాడు, ప్రమాణం చేస్తాడు, అరెస్టు చేసే అధికారంతో సహా మామూలు కానిస్టేబులుకి ఉండే అధికారాలన్నీ ఇతనికీ ఉంటాయి. ఇంగ్లాండు, వేల్సులలో ఎక్కడైనా చెల్లుతాయి. తేడా జీతం దగ్గరే. దారి ఖర్చులిస్తారు, అంతే. నెలకి కనీసం పదహారు గంటలు పనిచెయ్యాలి. పద్ధెనిమిదేళ్ళు నిండాలి. పూర్వాపరాలన్నీ తవ్వి చూస్తారు. వైద్య పరీక్ష ఉంటుంది. పదిహేను మీటర్ల దూరాన్ని బీప్ శబ్దానికి తగ్గట్టు అటూ ఇటూ పరుగెత్తే పరీక్ష ఉంటుంది. మావాడు దానికోసం రెండు నెలలు బిర్యానీ మానేశాడు. అది చూసి వదినకి సగం కోపం తగ్గిందని అన్నయ్య చెప్పాడు. ఇంకో ముఖ్యమైన విషయం: బ్రిటిషు పౌరులు కాకపోయినా, మనలాంటి వాళ్ళు కూడా చేరవచ్చు. అయితే ఆ దేశంలో ఉండటానికి గడువంటూ లేని హక్కు ఉండాలి. చదువు వీసా మీదో, ఉద్యోగం వీసా మీదో ఉన్నవాళ్ళకి కుదరదు.

ఇదేమీ కొత్త ఏర్పాటు కాదు. దీనికి చట్టం 1831లోనే వచ్చింది. 1848 ఏప్రిల్ 10న ఛార్టిస్టులు లండన్లో పెద్ద సభ పెడితే, గొడవలవుతాయని భయపడి ప్రభుత్వం వేలాది మందిని స్పెషల్ కానిస్టేబుళ్ళుగా చేర్చుకుంది. వాళ్ళలో లూయీ నెపోలియన్ ఒకడు. అప్పటికి దేశం వదిలి వచ్చి లండన్లో తలదాచుకుంటున్నాడు. తర్వాత ఫ్రాన్సుకి మూడవ నెపోలియన్ చక్రవర్తి అయ్యాడు. పరాయి దేశంలో ఉంటూ అక్కడి పోలీసుల్లో చేరినవాడు మా కుర్రాడే మొదటివాడు కాదన్నమాట! 2012లో ఇంగ్లాండు, వేల్సులలో ఇలాంటివాళ్ళు ఇరవై వేల మంది ఉండేవారు. ఈమధ్య ఆ లెక్క ఆరు వేల దాకా పడిపోయింది. కాబట్టి వచ్చేవాళ్ళని వద్దనే పరిస్థితి అక్కడ లేదు.

సింగపూరులో దీన్ని వాలంటీర్ స్పెషల్ కాన్‌స్టాబ్యులరీ అంటారు. 1946లో మొదలైంది. అక్కడి పౌరులతో పాటు శాశ్వత నివాసులకీ అవకాశముంది. నెలకి పదహారు గంటల నియమం అక్కడా ఉంది, అధికారాలూ మామూలు పోలీసులవే. న్యూయార్కులో ఉన్నది ఆగ్జిలరీ పోలీసు. 1950లో కొరియా యుద్ధం రోజుల్లో పుట్టింది. వీళ్ళ దగ్గర తుపాకీ ఉండదు. వీధుల్లో, ఊరేగింపుల దగ్గర, సబ్‌వే మెట్ల దగ్గర నిలబడి కంటికి కనబడటమే వీళ్ళ పని, ఏదైనా జరిగితే రేడియోలో అసలు పోలీసులకి చెప్పాలి. అది విని తేలిక పని అనుకోకండి. 2007 మార్చి 14న గ్రెనిచ్ విలేజిలో ఒక హంతకుడి వెంట నడిచిన ఇద్దరు ఆగ్జిలరీ పోలీసులు, నికొలస్ పెకారో, యూజీన్ మార్షాలిక్, అతని తుపాకీకి బలైపోయారు. ఇద్దరూ ముప్ఫై ఏళ్ళు దాటనివాళ్ళు. వదినకి ఈ సంగతి నేను దాచలేదు.

ఇక్కడ చాలామంది మనవాళ్ళకి ఒక సందేహం వస్తుంది. పోలీసు పని సర్కారుది కదా, అందులో మామూలు జనం వేలు పెట్టడమేమిటని. నిజానికి మన ఊళ్ళ సంగతి గుర్తు చేసుకుంటే ఈ ఆలోచనే మనకి కొత్త కాకూడదు. తలారి ఎవరు? ఊరివాడే. దొంగతనం జరిగితే జాడ తీయాల్సింది అతను. రాత్రి గస్తీ తిరగాల్సింది అతను. ఊరు అతనికి మాన్యమో, కళ్ళంలో గింజలో ఇచ్చేది. గ్రామ మునసబుకి చిన్నపాటి పోలీసు అధికారాలుండేవి. 1984లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఆ పదవులు రద్దు చేసేదాకా మా ఊళ్ళో తగాదాలు సగం మునసబుగారి అరుగు మీదే తేలిపోయేవి. ఆ పద్ధతి గొప్పదని కాదు నా ఉద్దేశం. తలారికి దక్కిన గౌరవమెంతో, మునసబు అరుగెక్కే హక్కు ఎవరికుండేదో మనందరికీ తెలుసు. కాని కాపలా కాసేవాడు మనలోని వాడే అన్న భావం ఒకటుండేది. 1859లో మద్రాసు ప్రెసిడెన్సీకి, 1861లో దేశానికి ఇంగ్లీషువాళ్ళు తెచ్చిన పోలీసు చట్టాలు అసలు పోలీసంటే ప్రభుత్వం తరఫున జనం మీద కన్నేసి ఉంచేవాడు అన్నట్టుగా తయారయ్యాయి. లండన్లో 1829లో రాబర్ట్ పీల్ పెట్టిన పోలీసు ఒకరకం, మనకి పంపించినది ఇంకోరకం. మనం సీటులో నిటారుగా కూర్చోవడానికి కారణం అక్కడుంది.

స్వతంత్రం వచ్చాక మనకీ స్వచ్ఛంద పోలీసు లేకపోలేదు. హోంగార్డులు అచ్చంగా ఆ ఉద్దేశంతోనే 1946 డిసెంబరు 6న బొంబాయిలో, అల్లర్ల సమయంలో పుట్టారు. 1962లో చైనా యుద్ధం తర్వాత దేశమంతా విస్తరించారు. కాగితం మీద ఇప్పటికీ అది స్వచ్ఛంద దళమే. మన రెండు రాష్ట్రాల్లో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఎండలో నిలబడిన హోంగార్డుని అడిగి చూడండి, స్వచ్ఛందమంటే నవ్వుతాడు. అతనికి అదే బతుకు. రోజు లెక్కన భత్యం, పోలీసు చేసే పనంతా చెయ్యాలి, పోలీసుకి వచ్చేది మాత్రం రాదు. చివరికి 2015 మార్చిలో సుప్రీంకోర్టు, కానిస్టేబులుకిచ్చే కనీస జీతానికి సరితూగేట్టు వాళ్ళ భత్యం ఉండాలని చెప్పాల్సి వచ్చింది. వేరే ఉద్యోగం, వేరే ఆదాయం ఉన్నవాడు తీరిక వేళల్లో చేస్తేనే అది స్వచ్ఛంద సేవ. వేరే దిక్కులేనివాడి చేత చేయించి దానికి ఆ పేరు పెడితే, అది జీతం ఎగ్గొట్టే ఉపాయం. ఆ మాటకొస్తే సైబరాబాదులో 2006లో పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి పెట్టుకున్న సెక్యూరిటీ కౌన్సిల్ తరఫున ట్రాఫిక్ వాలంటీర్లుగా కూడలిలో నిలబడే సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు, పేరు చిన్నదైనా, అసలు ఉద్దేశానికి దగ్గరగా ఉన్నారు.

ఇహ కష్టమైన సంగతి. స్టేడియంలో నాతో పనిచేసిన వాళ్ళలో లాహోరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఉండేవాడు. మొదటి రోజే నా భుజం మీద చెయ్యి వేసి, "ఇవాళ్టి నుంచి మనం రజాకార్లం" అన్నాడు. నాతో పాటున్న నల్గొండ మిత్రుడి మొహం చూడాలి! ఉర్దూలో రజాకార్ అంటే వాలంటీరే, స్వచ్ఛందంగా సేవ చేసేవాడు. ఆయన తప్పేమీ లేదు. కాని 1947, 48లలో హైదరాబాదు సంస్థానంలో ఖాసిం రజ్వీ నడిపిన స్వచ్ఛంద సేవకులు ఊళ్ళ మీద పడి ఏం చేశారో విని పెరిగిన మనిషికి ఆ మాట మరోలా వినపడుతుంది. అరబ్బీలో వాలంటీరుని ముతతవ్విఅ అంటారు. సౌదీలో వీధుల్లో తిరిగి జనం నడవడిక సరిదిద్దే వాళ్ళకి ముతవ్వా అన్న పేరూ ఆ ధాతువు నుంచే వచ్చింది. 2016లో సౌదీ ప్రభుత్వమే వాళ్ళకి అరెస్టు చేసే అధికారం తీసేసింది. మాట మంచిదే. ఆ మాట వెనక ఎవరికి ఎంత అధికారం ఇచ్చారు, ఎవరికి జవాబు చెప్పమన్నారు అన్నదే చూసుకోవాలి.

ఆ చూసుకోవడం ఎంత అవసరమో చెప్పిన తీర్పుల్లో ఒకటి మన తెలుగు న్యాయమూర్తి చేతి మీదుగానే వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ఆదివాసీ కుర్రాళ్ళని స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా నియమించి, నెలకి మూడు వేల రూపాయలిచ్చి, చేతికి తుపాకులిచ్చారు. చాలామందికి చదువు కూడా సరిగా లేదు. ఆ గొడవల్లో ఊళ్ళు ఖాళీ అయి కోయలు వేలకొద్దీ గోదావరి దాటి మన ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చిపడ్డారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇద్దరూ ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. తమిళనాడులో 1993లో మంచి ఉద్దేశంతో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ పోలీసుని, సాత్తాన్‌కుళం కస్టడీ మరణాల్లో ఆ వాలంటీర్ల మీద ఆరోపణలు వచ్చాక 2020లో ప్రభుత్వం ఆపేసింది. మలేషియాలో రేలా అనే దళం మన వంటి వలస కూలీల కాగితాలు తనిఖీ చేస్తూ దాడులకి దిగేది. 2012లో కొత్త చట్టం వచ్చి దానికి కత్తెర వేసింది. అమెరికా ఏమీ తీసిపోలేదు. ఓక్లహామాలోని టల్సాలో 2015 ఏప్రిల్లో ఇన్స్యూరెన్సు వ్యాపారం చేసిన డెబ్భై మూడేళ్ళ రిజర్వు డెప్యూటీ ఒకాయన, కరెంటు షాక్ ఇచ్చే టేజర్ అనుకుని తుపాకీ తీసి ఎరిక్ హారిస్ అనే మనిషిని కాల్చి చంపాడు. ఆయన షెరీఫ్ ఆఫీసుకి కార్లు, సామాన్లు విరాళమిచ్చిన దాత. శిక్షణ సంగతి విచారణలో బయటపడింది. నాలుగేళ్ళ శిక్ష పడింది.

ఇవన్నీ చదివాక మా వాడికి ఫోను చేసి అడిగిన మొదటి ప్రశ్న, "జీతమెంత?" కాదు, "ఎన్నాళ్ళు నేర్పుతారు, ఎవరి కిందరా నువ్వుండేది?" అని. నెలల తరబడి వారాంతాల్లో తరగతులు, ఆ తర్వాత అనుభవమున్న పోలీసు పక్కన తప్ప ఒంటరిగా తిరగనివ్వరట. తప్పు చేస్తే మామూలు పోలీసుని విచారించినట్టే విచారిస్తారట. "ఐతే చేరు" అన్నాను. వదిన ఒక వారం నాతో మాట్లాడలేదు.

సరే, ప్రయోజనమేమిటి? ఇది నాకు పుస్తకాల్లో కంటే అల్ తుమామాలో బాగా అర్థమైంది. మేముండే అల్ తుమామా దోహాకి దక్షిణాన, ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో ఉన్న పేట. ఇళ్ళు, కాంపౌండ్లు, వాటి మధ్య గహ్ఫియా ఆకారంలో స్టేడియం. గహ్ఫియా అంటే ఇక్కడి మగవాళ్ళు తలగుడ్డ కింద పెట్టుకునే అల్లిక టోపీ. ఖతార్ ఆర్కిటెక్టు ఇబ్రహీం జైదా దాన్ని అలా గీశాడు. 2021 అక్టోబరు 22న అమీర్ కప్ ఫైనల్‌తో తెరిచారు. 2022 ప్రపంచ కప్పులో నవంబరు 21 నుంచి డిసెంబరు 10 దాకా ఎనిమిది మ్యాచులు అక్కడ జరిగాయి. టోర్నమెంటు మొత్తానికి ఇరవై వేల మంది వాలంటీర్లు కావాలంటే నాలుగు లక్షలకి పైగా దరఖాస్తులొచ్చాయి. ఈ దేశంలో పోలీసు పని ప్రభుత్వానిది. ఉద్యోగ వీసా మీద వచ్చిన నాలాంటి వాడు శుక్రవారం సెలవని వెళ్ళి పోలీసుల్లో చేరే ప్రశ్నే లేదు. పోలీసు పక్కన నిలబడే అవకాశం మాకు దొరికింది ఇలాగే.

స్టేడియం బయట మూడు వరసలుండేవి. పోలీసులు, ప్రైవేటు గార్డులు, మేము. మా దగ్గర అధికారమనేదే లేదు. ఎవరి మీదా చెయ్యి వెయ్యకూడదు, ఎవరి బ్యాగూ తెరవకూడదు. ఫ్రీ జోన్ మెట్రో స్టేషన్ నుంచి బస్సుల్లో దిగిన జనానికి గేటు ఎటో చూపించడం, ఫోన్లో టికెట్టూ హయ్యా కార్డూ తెరుచుకోనివాళ్ళని సరైన చోటికి పంపడం, తప్పిపోయిన పిల్లల దగ్గర కూర్చోవడం. మొదటి రోజు ఇదేం పని అనిపించింది. బెల్జియం మీద మొరాకో గెలిచిన రాత్రి నలభై వేల మంది డప్పులతో ఒక్కసారి బయటికొస్తుంటే తెలిసింది. గట్టిగా అరిచే వాలంటీరు మాట ఎవరూ వినరు. ఒకే చోట నిలబడి, చెయ్యి ఒకే వైపు చాపి, అదే మాట అదే స్వరంతో చెప్పేవాడి మాట వింటారు. జనం కాలవ నీళ్ళ లాంటి వాళ్ళు, గట్టు ఎక్కడుందో చూపిస్తే చాలు. ఇరాన్, అమెరికా ఆడిన రోజున అందరిలోనూ ఏదో బిగువు. ఆ రోజు ఒక ఇరానీ ఆవిడ, ఒక అమెరికా ముసలాయన నన్ను అడిగింది ఒకటే, బాత్రూం ఎక్కడని.

స్పెయిన్, కోస్టారికా మ్యాచి రోజు, అంటే నవంబరు 23 సాయంత్రం, గేటుకి కాస్త దూరంలో ఒక మనిషి స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఐదేళ్ళుంటాయేమో. ఉతికి ఇస్త్రీ చేసుకున్న చొక్కా. గేటు వైపు చూడటం, నాలుగడుగులు వెయ్యడం, మళ్ళీ వెనక్కి వెళ్ళడం. అనుమానం వచ్చి దగ్గరికెళ్ళి హిందీలో పలకరించాను. యాస పట్టేసి, "తెలుగా అన్నా?" అంటే కళ్ళు మెరిశాయి. జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ నివాసమున్నవాళ్ళకి పెట్టిన నలభై రియాళ్ళ టికెట్టు కొనుక్కుని, ఇండస్ట్రియల్ ఏరియా నుంచి మూడు వాహనాలు మారి వచ్చాడు. ఫోను చార్జి అయిపోయింది. టికెట్టు ఫోన్లో ఉంది.

"అడగొచ్చుగా తమ్ముడూ, అక్కడే నిలబడ్డాడు కదా" అన్నాను.

"పోలీసాయన ఉన్నడు గదా సార్. ఏమంటడో ఏమో. ఐడీ అడిగి పక్కకు నిలవెడ్తే? పోతె పోనీ, నలభై రియాళ్ళే గదా" అన్నాడు.

అతని ఐడీ చక్కగా ఉంది, కంపెనీలో ఉద్యోగముంది, ఏ తప్పూ లేదు. ఊరికే వెనక్కి వెళ్ళిపోబోతున్నాడు. అతన్ని తీసుకుని ఆ పోలీసు దగ్గరికే వెళ్ళాను. ఆయన నా మాట సగం విని, టికెట్ల సమస్యలు చూసే కౌంటరు వైపు చెయ్యి చూపించి, "యల్లా, యల్లా" అన్నాడు. అంతే! పావుగంటలో లోపలికి వెళ్ళాడు. స్పెయిన్ ఆ రోజు ఏడు గోల్స్ కొట్టింది. వాటిలో ఎన్ని చూశాడో నాకు తెలియదు, బయటికొచ్చేటప్పుడు జనంలో కనబడలేదు.

అతనికీ పోలీసుకీ మధ్య దూరం ఇరవై అడుగులు. అది దాటడానికి అతనికి కావలసింది తెలుగు తెలిసిన ఒక మెడ పట్టీ, ఒక బ్యాడ్జీ. లెస్టర్లో మావాడు యూనిఫారం వేసుకుంటే జరిగేదీ ఇదే అనుకుంటాను. దుకాణంలో దొంగతనమైనా ఫోను చెయ్యని తెలుగు అమ్మ, మొగుడు కొడుతున్నా ఇంగ్లీషు రాక నోరు విప్పని కొత్త పెళ్ళికూతురు, ఫోన్లో పోలీసులమంటూ బెదిరిస్తే వేలకి వేలు పంపేసే విద్యార్థి, వీళ్ళందరికీ ఆ ఇరవై అడుగులున్నాయి. పోలీసు శాఖకి కూడా మన భాష, మన ఇళ్ళ సంగతి తెలిసినవాడు ఒకడు దొరుకుతాడు. దుబాసీని పిలిపించి, అతను వచ్చేదాకా ఆగి, ఆవిడ మనసు మార్చేసుకునే లోపే పని జరుగుతుంది.

చేసేవాడికి దక్కేది కూడా తక్కువేమీ కాదు. ప్రథమ చికిత్స, చట్టం, సాక్ష్యం రాసుకోవడం, కోపంతో ఊగిపోతున్న మనిషి ముందు గొంతు తగ్గించి మాట్లాడటం, ఇవన్నీ ఊరికే నేర్పుతారు. మావాడు మూడు నెలల శిక్షణ తర్వాత చెప్పిన మాటొకటి నాకు నచ్చింది. ఆఫీసులో ఈమెయిల్ రాసేటప్పుడు కూడా ఏది చూశాను, ఏది విన్నాను, ఏది ఊహించాను అని విడదీసి రాయడం అలవాటైందట. ఇంకొకటుంది, చెప్పడం కష్టం. పదేళ్ళు ఒక దేశంలో ఉండి పన్నులు కట్టినా మనం అద్దెకున్నవాళ్ళ లాగే ఉంటాం. వీధిలో కుళాయి కారుతున్నా మనది కాదన్నట్టు దాటిపోతాం. రాత్రి పదకొండింటికి తాగి పడిపోయిన ఎవరి పిల్లాడినో ఇంటికి చేర్చినవాడు ఆ వీధిని ఇదివరకటిలా చూడలేడు.

నాకు నచ్చనిదీ చెబుతాను. బ్యాడ్జీ వచ్చిన మర్నాడే ఫోటో పెట్టేవాళ్ళు, కారు అద్దం మీద అంటించుకుని పార్కింగు ఎగ్గొట్టేవాళ్ళు, సంఘం ఎన్నికల్లో దాన్ని వాడుకునేవాళ్ళు మనలో ఉన్నారు. అలాంటివాళ్ళు వెళ్ళకపోతేనే అందరికీ మేలు. తెలిసినవాడొస్తే వదిలెయ్యడం మన రక్తంలో ఉన్న జబ్బు. గేటు దగ్గర నన్నూ ముగ్గురు నలుగురు మిత్రులు, "మన వాడే, పంపించవయ్యా" అని అడిగారు. అలాంటప్పుడు నాకు దుర్గాబాయమ్మ గుర్తుకొచ్చేది. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర కాపలాకి పద్నాలుగేళ్ళ దుర్గాబాయిని నిలబెట్టారు. టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. పెద్దవాళ్ళు పరుగెత్తుకొచ్చి కోప్పడ్డారు, టికెట్టు తెచ్చాకే లోపలికి పంపింది. నెహ్రూ ఆ పిల్లని మెచ్చుకున్నాడు. మా చీరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి రామదండు కూడా అలాంటిదే. 1921లో బెజవాడ కాంగ్రెస్ సభలకి పోటెత్తిన జనాన్ని అదుపులో పెట్టింది వాళ్ళే. చేతిలో తుపాకీ లేదు, సర్కారు ఇచ్చిన హోదా లేదు. జీతం లేని పోలీసులంటే నాకు ముందు వాళ్ళే గుర్తొస్తారు.

గల్ఫులో ఉన్నవాళ్ళకి యూనిఫారం దారి లేదు కాబట్టి మనకి పనిలేదని అనుకోవద్దు. కొన్ని హద్దులు మాత్రం తెలుసుకుని ఉండాలి. ఇక్కడ అనుమతి లేకుండా చందాలు పోగెయ్యడం నేరం, ఎంత మంచి పనికైనా సరే. నేనే తేలుస్తానని తగాదాల మధ్యకి వెళ్ళకూడదు. చెయ్యగలిగినది ఆ ఇరవై అడుగులు తోడు నడవడమే. అన్నట్టు, ఇక్కడి గస్తీ పోలీసుల్ని ఫజా అంటారు. కేక వినగానే సాయానికి పరుగెత్తి రావడమని దాని అర్థం. ఆ సంగతి చెబితే మన కార్మికులు చాలామంది ఆశ్చర్యపోతారు, పట్టుకుపోవడానికి వచ్చే బండి అనుకుంటారు కాబట్టి. భారత రాయబార కార్యాలయం నీడలో 1984 నుంచి ఉన్న ఇండియన్ కమ్యూనిటీ బెనెవలెంట్ ఫోరం ఉంది. జైల్లో, ఆసుపత్రిలో, శవాగారంలో కాగితాల పని పడితే తిరిగేది ఆ వాలంటీర్లే. వాళ్ళకి తెలుగు మాట్లాడే మనుషులు ఎప్పుడూ చాలరు. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్ళు వెళ్ళి పేరు రాయించుకోవచ్చు. 999కి ఫోను చేస్తే అరబ్బీ, ఇంగ్లీషు మాట్లాడతారు. మన లేబర్ క్యాంపుల్లో తెలిసిన పదిమందికి, ఫోను చేస్తే ఏం చెప్పాలో, చిరునామా బదులు గోడ మీది నీలం రంగు పలక మీదున్న అంకెలు ఎలా చదివి చెప్పాలో నేర్పడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. కిందటి నెల ఒక గదిలో ఎనిమిది మందికి నేర్పాను. ఏడుగురికి వచ్చింది. ఎనిమిదో ఆయన, "మీ నంబరు రాసుకున్నా సార్, మీకే చేస్తా" అన్నాడు. వచ్చే వారం మళ్ళీ వెళ్ళాలి.